మా హాస్టల్ బడి లెక్కల కాగితం చూశాను. కొత్త భవనానికి విరాళం ఇవ్వాలా?

గుండ్లకమ్మ_గట్టు | మార్చి 9, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ప్రకాశం జిల్లాలో ఒక ట్రస్టు నడిపే హాస్టల్ బడిలో ఆరు నుంచి పది దాకా చదివాను. బడి పేరు చెప్పను. నాన్న పోయిన ఏడాదే అమ్మ నన్ను అక్కడ చేర్చింది. ఒక రేకు పెట్టె, రెండు జతల బట్టలు, ఒక స్టీలు కంచం, అంతే. ఐదేళ్లలో మా ఇంటి నుంచి ఆ బడికి ఒక్క రూపాయి వెళ్లలేదు. నేను ఈ రోజు ఇలా ఉన్నానంటే ఆ అన్నం వల్లే.

ఇప్పుడు పాత విద్యార్థులందరికీ ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. 60 మంది పిల్లలు పట్టేలా కొత్త బ్లాకు కడతారట, రెండున్నర కోట్లు కావాలి. 5 లక్షలిస్తే గది మీద పేరు, 25 లక్షలిస్తే అంతస్తు మీద పేరు. నాకు ఇవ్వాలనే ఉంది. ఇచ్చే ముందు జమాఖర్చులు అడిగితే మర్యాదగానే ఒక పేజీ పంపారు. అది చూశాక నిద్ర పట్టలేదు.

మొత్తం పిల్లలు 180. ఏడాది ఖర్చు కోటీ 62 లక్షలు. అందులో జీతాలు 78 లక్షలు, భోజనం 43, బట్టలు పుస్తకాలు మందులు 10, మరమ్మతులు 9, కరెంటు నీళ్లు గ్యాసు 8, ఆఫీసు, ఆడిట్, బండి కలిపి 8, ఇతరాలు 6.

రాబడి కోటీ 53 లక్షలు. విరాళాలు 74, డిపాజిట్ల వడ్డీ 31, షాపుల అద్దె, పొలం కౌలు కలిపి 22, తల్లిదండ్రుల ఫీజు 26.

లోటు 9 లక్షలు. "గత మిగులు నుంచి సర్దాం" అని కింద రాశారు.

మా రోజుల్లో ఫీజు అనే మాటే లేదు. ఇప్పుడు 110 మందికి పూర్తిగా ఉచితం, 50 మంది కొంత కడుతున్నారు, 20 మంది పూర్తి ఫీజు 60 వేలు కడుతున్నారు. ఇది ధర్మమేనా? ఉన్న పిల్లలకే లోటు వస్తుంటే ఇంకో 60 మందికి భవనం ఎందుకు? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_సీఏ | మార్చి 9, రాత్రి 11:02

ముందు ఒక మంచి మాట. అడగగానే కాగితం పంపారంటే ఆ ట్రస్టులో దాపరికం లేదు. చాలా చోట్ల ఉత్తరానికి జవాబే రాదు.

ఇక లెక్క. కోటీ 62 లక్షల్ని 180తో భాగించండి. ఒక్కో బిడ్డకు ఏడాదికి 90 వేలు. మీరు పూర్తి ఫీజు అంటున్నది 60 వేలు. అంటే ఆ 20 మందికి కూడా తలా 30 వేలు ట్రస్టే పెడుతోంది, మొత్తం 6 లక్షలు. కట్టగలిగినవాళ్లకు దాతల డబ్బు వెళ్తోందన్నమాట. ఈ విషయం ట్రస్టీలు కూడా గమనించి ఉండరు, ఎందుకంటే ఫీజు రాబడి వైపు ఉంటుంది, ఖర్చు ఇంకో వైపు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇది కనపడదు.

భోజనం మాత్రం బాగా నడుపుతున్నారు. 43 లక్షలంటే సెలవులు పోను 300 రోజులకు రోజుకు ఒక్కో బిడ్డకు 80 రూపాయలు. దొంగ లెక్క రాసేచోట ఈ అంకె ఇలా ఉండదు.

మెస్_వార్డెన్_అనంత | మార్చి 10, ఉదయం 6:20

సీఏ గారూ, 80 రూపాయల్లో మూడు పూటలు, సాయంత్రం ఏదో ఒకటి, వారానికి రెండు గుడ్లు పెడుతున్నారంటే ఆ వార్డెన్‌కి దండం పెట్టాలి.

నేను వేరే జిల్లాలో ఇలాంటి హాస్టల్లోనే 11 ఏళ్లుగా పని చేస్తున్నా. ఒక సంగతి బయటివాళ్లకు తెలియదు. విరాళం ఎంత వచ్చిందన్నదే కాదు, ఎప్పుడు వచ్చిందన్నది కూడా చూడాలి. జనవరి 1న మాకు ముగ్గురు దాతలు వస్తారు. పొద్దున కేసరి, మధ్యాహ్నం పులిహోర, బూరెలు, రాత్రి మళ్లీ ఇంకొకరి పుట్టినరోజు కేకు. పిల్లలు తినలేక వదిలేస్తారు. ఆ తర్వాత మంగళవారం కందిపప్పు డబ్బాలో అడుగు కనపడుతుంది. నేను కొట్టుకు వెళ్లి అరువు అడగాలి.

మార్చిలో పన్ను మినహాయింపు కోసం డబ్బు వస్తుంది. జూన్‌లో ఎవరూ రారు. మాకు ఖర్చు మొదలయ్యేది జూన్‌లోనే. కొత్త పిల్లలు, నోటు పుస్తకాలు, పెట్టెలు, దుప్పట్లు, రెండు నెలలు మూసి ఉన్న మోటారు మరమ్మతు. ఎవరైనా దాత "నా పుట్టినరోజు డబ్బు జూన్‌లో వాడుకో" అంటే నాకు పండగే.

విశ్రాంత_మాస్టారు | మార్చి 10, ఉదయం 8:45

నాయనా గుండ్లకమ్మ, ఫీజు గురించి బాధపడకు. మన వైపు చదువుకు సాయం చేయడం అనేది కొత్తది కాదు. మా తాతగారు వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, ఏడు రోజులకు ఏడిళ్లు. ఆ పెట్టిన తల్లులను ఆయన చనిపోయేదాకా తలుచుకున్నారు. కానీ ఒక మాట కూడా చెప్పేవారు. గురువారం ఇంట్లో అన్నం వడ్డించాక ఆ ఇంటి పిల్లలు కంచం వైపు చూసేవాళ్లట. ఆ చూపు ఆయన మరిచిపోలేదు.

తర్వాత హాస్టళ్లు వచ్చాయి. హైదరాబాద్‌లో 1918లో వెంకటరామారెడ్డి గారు పెట్టిన రెడ్డి హాస్టల్ సంగతి అందరికీ తెలిసిందే. పల్లెల నుంచి వచ్చిన పిల్లవాడికి పట్నంలో ఒక మంచం, ఒక బంతి భోజనం దొరికింది. ప్రభుత్వం తరఫున 1971లో పీవీ గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో గురుకులం పెట్టారు. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి. అక్కడ ఖర్చు ఖజానాది. ట్రస్టు బడికి ఖజానా లేదు. కాబట్టి ఇవ్వగలిగిన తండ్రి దగ్గర తీసుకోవడంలో తప్పు లేదు. ఎవరు ఎంత కడుతున్నారో పిల్లలకు తెలియకూడదు, అంతే. బంతిలో కూర్చున్నాక అందరికీ ఒకే గరిటె.

ఇంకొకటి. ఆ జీతాల పద్దు ఇంకోసారి చూడు. ఎంతమంది సిబ్బంది?

గుండ్లకమ్మ_గట్టు | మార్చి 10, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, ఫోన్ చేసి కనుక్కున్నా. టీచర్లు, వంటవాళ్లు, వాచ్‌మన్, ఆయాలు అందరూ కలిపి 22 మంది.

విశ్రాంత_మాస్టారు | మార్చి 10, మధ్యాహ్నం 2:10

అంటే సగటున నెలకు 30 వేల లోపు. టీచర్లకు కాస్త ఎక్కువ, ఆయాలకు చాలా తక్కువ ఉంటుంది. అదే టీచరు ప్రభుత్వ బడిలో ఉంటే ఎంత వచ్చేదో నీకు తెలుసు. నేను 24 ఏళ్లు అలాంటి బడిలోనే లెక్కలు చెప్పాను. రాత్రి స్టడీ అవర్, జ్వరమొస్తే ఆసుపత్రి, ఆదివారం జుట్టు కత్తిరించే మంగలిని పిలిపించడం, అన్నీ మేమే. ఆ బడికి అందరికంటే ఎక్కువ ఇచ్చిన దాతలు టీచర్లే, నాయనా. ఆ మొత్తం ఏ రసీదులోనూ ఉండదు.

నేను దిగిపోయేటప్పుడు గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు చివర్లో ఇచ్చే డబ్బు) అడిగితే "ఇది ధర్మ సంస్థ కదా మాస్టారూ" అన్నారు. మూడేళ్లు తిరిగాక ఇచ్చారు. పగ లేదు, వాళ్ల దగ్గర నిజంగానే లేదు. కానీ ముందే పక్కన పెట్టి ఉంటే ఆ తిరుగుడు ఉండేది కాదు.

బెజవాడ_సీఏ | మార్చి 10, సాయంత్రం 7:40

మాస్టారు చెప్పింది చాలా ముఖ్యం. పదిమంది, అంతకు మించి పని చేసే చోట గ్రాట్యుటీ ఇవ్వాలని చట్టం చెబుతోంది. టీచర్లకు వర్తిస్తుందా లేదా అని చాలాకాలం వివాదం నడిచింది. 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వాళ్లకూ వర్తిస్తుందని తేల్చారు. ధర్మ సంస్థ అయినా తప్పదు. ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. 22 మందికి ఇప్పటిదాకా ఎంత బాకీ పడిందో మీ ట్రస్టు కాగితంలో లేదు. అది కూడా కలిపితే లోటు 9 లక్షలతో ఆగదు.

ఇప్పుడు భవనం సంగతి. జాగ్రత్తగా చదవండి.

మీ డిపాజిట్ల వడ్డీ 31 లక్షలు. 7 శాతం అనుకుంటే అసలు సుమారు 4 కోట్ల 40 లక్షలు. ఆ వడ్డీతో పూర్తిగా చదివించగలిగింది 34 మందిని. మిగతా 146 మంది ప్రతి ఏడాదీ అద్దెలు, ఫీజులు, కొత్త విరాళాల మీద ఆధారపడి ఉన్నారు.

ఒక బిడ్డ సీటును ఎప్పటికీ నిలబెట్టాలంటే ఎంత కావాలి? ధరలు పెరుగుతాయి కాబట్టి వడ్డీ మొత్తం ఖర్చు పెట్టేయకూడదు. అసలులో 4 శాతమే వాడితే 90 వేల కోసం 22 లక్షల 50 వేలు కావాలి. రెండున్నర కోట్లంటే 11 మంది పిల్లలు, శాశ్వతంగా. అదే డబ్బుతో భవనం కడితే 60 మంచాలు వస్తాయి, ఆ 60 మందికి తిండి పెట్టే డబ్బు మాత్రం రాదు.

మంచం వేయడానికి దాత దొరుకుతాడు. ఆ మంచం మీద పడుకునే బిడ్డకు పన్నెండు నెలలు పప్పు పోసే దాత దొరకడు.

పెన్సిల్వేనియా_తెలుగమ్మాయి | మార్చి 11, తెల్లవారుజామున 4:15

సీఏ గారు చెప్పినట్టు అసలు ముట్టుకోకుండా రాబడితోనే నడిపే శాశ్వత నిధికి మా పక్కనే పెద్ద ఉదాహరణ ఉంది. మేం ఉండేది హర్షీ అనే ఊరికి గంట దూరంలో. చాక్లెట్ల మిల్టన్ హర్షీ, ఆయన భార్య క్యాథరీన్ 1909లో అనాథ పిల్లల కోసం బడి పెట్టారు. వాళ్లకు పిల్లలు లేరు. భార్య పోయిన కొన్నేళ్లకు, 1918లో, తన చాక్లెట్ కంపెనీ షేర్లన్నీ ఆ బడి ట్రస్టుకు రాసిచ్చేశాడు. అప్పట్లో వాటి విలువ 6 కోట్ల డాలర్లు. ఐదేళ్ల దాకా బయటి ప్రపంచానికి ఆ సంగతే తెలియదు.

ఈ రోజు అక్కడ 2 వేల మంది దాకా పేద కుటుంబాల పిల్లలు ఉంటారు. తిండి, బట్టలు, డాక్టరు, పళ్ల డాక్టరు, అన్నీ ఉచితం. పెద్ద హాస్టల్ ఉండదు, ఇంటికి పది పన్నెండు మంది పిల్లలు, వాళ్లతో ఒక దంపతులు ఉంటారు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక ఇంటి వంటగదిలో ఫ్రిజ్ మీద ఆ వారం గిన్నెలు ఎవరు కడగాలో రాసిన కాగితం అతికించి ఉంది. అది చూస్తే ఇల్లులాగే అనిపించింది.

అక్కడ కష్టం వేరే రకం. నిధి వేల కోట్ల డాలర్లకు పెరిగిపోయింది. ఇంత డబ్బు పెట్టుకుని ఇంకా ఎక్కువమంది పిల్లలకు ఎందుకు ఖర్చు పెట్టరు అని ఏళ్లుగా నిలదీస్తున్నారు. 2002లో ట్రస్టు కంపెనీని అమ్మేయబోతే ఊరంతా రోడ్డెక్కింది, కోర్టు దాకా వెళ్లింది, చివరికి ఆ అమ్మకం ఆగిపోయింది. ఇంకోటి, మొదట్లో ఆ ట్రస్టు పెట్టిన పత్రంలో తెల్లజాతి మగపిల్లలకు మాత్రమే అని ఉండేది. 1960ల చివర్లో మిగతా జాతుల పిల్లల్ని, 1970ల్లో ఆడపిల్లల్ని తీసుకోవడం మొదలుపెట్టారు. దాత ఎంత గొప్పవాడైనా ఆయన రాసిన పత్రంలో ఆయన కాలపు అన్యాయం కూడా ఉంటుంది. మన ట్రస్టు పత్రాలు కూడా ఒకసారి తీసి చదవాలి. ఏ కులానికి, ఏ ఊరికి అని రాసి ఉందో.

హోర్షామ్_వాసి | మార్చి 11, మధ్యాహ్నం 3:50

ఇంగ్లాండ్ నుంచి నాదో మాట. మా ఊళ్లో క్రైస్ట్స్ హాస్పిటల్ అని బడి ఉంది. పేరు చూసి ఆసుపత్రి అనుకోకండి. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ఆశ్రయమిచ్చే చోటు అనే అర్థం. 1552లో ఎడ్వర్డ్ ఆరో రాజు కాలంలో లండన్‌లో దిక్కులేని పిల్లల కోసం పెట్టారు, 1902లో ఇక్కడికి మార్చారు. దాదాపు 900 మంది పిల్లలు.

గుండ్లకమ్మ గారు అడిగిన ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబు ఉంది. ఇక్కడ ఒక్కో కుటుంబం ఆదాయం చూసి ఫీజు నిర్ణయిస్తారు. కొందరు ఏమీ కట్టరు, కొందరు పదో వంతు, కొందరు సగం, కొందరు మొత్తం. యూనిఫాం మాత్రం అందరికీ బడే ఉచితంగా ఇస్తుంది. పొడవాటి నీలం కోటు, పసుపు పచ్చ మేజోళ్లు, ట్యూడర్ రాజుల కాలం నాటి వేషం. శనివారం బజార్లో ఆ పిల్లలు కనపడితే ఎవరు లాయరు కొడుకో, ఎవరు బస్సు డ్రైవరు కొడుకో మీరు చెప్పలేరు. మాస్టారు చెప్పిన ఒకే గరిటె లాంటిదే ఇది.

ఇంకో పద్ధతి నాకు నచ్చింది. పెద్ద విరాళమిచ్చినవాళ్లకు గోడ మీద పేరు చెక్కడం కాకుండా, సాయం అవసరమైన ఒక బిడ్డను బడికి సిఫారసు చేసే హక్కు ఇస్తారు. బిడ్డ ప్రవేశ పరీక్షల్లో నెగ్గాల్సిందే. దాత ఆ బిడ్డ చదువు ముగిసేదాకా గుర్తుపెట్టుకుంటాడు. రాయి మీద పేరు చూసుకోవడం కంటే అది మేలు కదా.

అంత పాత బడికి, లండన్‌లో ఆస్తులున్న బడికి కూడా చిక్కులు తప్పలేదు. గత పదిహేనేళ్లలో పూర్తి ఫీజు కట్టే పిల్లల్ని మునుపటికంటే ఎక్కువగా తీసుకుంటున్నారు. ఇది పేదల కోసం పెట్టిన బడి అని పాత విద్యార్థులు బాధపడ్డారు. ఆ ఫీజులు లేకపోతే ఉచిత సీట్లు కూడా నిలవవని బడివాళ్లు అంటారు. దానికి తోడు 2025 జనవరి నుంచి ఇక్కడ ప్రైవేటు బడుల ఫీజుల మీద 20 శాతం వ్యాట్ వేశారు.

సగం_ఫీజు_అమ్మ | మార్చి 11, రాత్రి 9:05

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటా. మా అబ్బాయి ఇలాంటి ఒక బడిలో ఎనిమిదో తరగతి. మేం సగం కడతాం. మా ఆయన ఆటో నడుపుతారు, నేను బట్టలు కుడతాను.

ఆదాయం చూసి ఫీజు అంటున్నారు కదా, మన దగ్గర ఆదాయం ఎలా చూస్తారండీ? మొదటి ఏడాది తహశీల్దారు ఆఫీసు సర్టిఫికెట్ అడిగారు. మాకంటే ఉన్నవాళ్లు తక్కువ ఆదాయం రాయించుకుని పూర్తి ఉచితం సీటు తీసుకున్నారు. మేం ఉన్నది ఉన్నట్టు రాసి సగం కట్టాం. చాలా ఏడ్చాను ఆ రోజు.

రెండో ఏడాది పద్ధతి మార్చారు. ఇద్దరు టీచర్లు ఇళ్లకు వచ్చారు. మా ఇంట్లో కుట్టు మిషన్ పక్కన కూర్చుని టీ తాగారు. మా అత్తగారి మందుల చీటీలు చూశారు, ఆటో ఫైనాన్స్ కాగితం చూశారు. వాళ్లంతట వాళ్లే 5 వేలు తగ్గించారు. పక్క వీధిలో ఇంకొకరింటికి వెళ్లి వాళ్లకు పెంచారు. రైతుల ఇళ్లకు వెళ్లినప్పుడు ఎన్ని ఎకరాలు అని కాదు, బోర్లు ఎన్ని వేశారు, ఎన్ని పడ్డాయి అని అడిగారట. ఆరెకరాలున్నా మూడు బోర్లు ఎండిపోయి అప్పులో ఉన్న ఆయన కొడుక్కి ఉచితం చేశారు.

ఫీజు కట్టడం నాకు చిన్నతనం కాదు. నెలనెలా రెండో తారీఖున వెళ్లి కట్టి రసీదు తీసుకుంటా. పేరెంట్స్ మీటింగ్‌లో నేను కూడా నోరు తెరిచి అడగగలుగుతున్నా.

మెస్_వార్డెన్_అనంత | మార్చి 11, రాత్రి 10:30

అక్కా, మీ పోస్టు మా ట్రస్టీలకు చూపిస్తా. ఆ బోర్ల ప్రశ్న మేం ఎప్పుడూ అడగలేదు.

సీఏ గారితో ఒక చోట నేను ఏకీభవించను. 60 వేలు కట్టే 20 మందికి ట్రస్టు 30 వేలు పెడుతోంది అన్నారు. కానీ ఆ 20 మంది లేకపోతే మనకు మిగిలేదేంటి? టీచరు జీతం తగ్గదు, వాచ్‌మన్ జీతం తగ్గదు, కరెంటు బిల్లు పెద్దగా తగ్గదు. తగ్గేది వాళ్ల తిండి, బట్టలు, పుస్తకాలు. అవి తలకు 30 వేలు కూడా దాటవు. అంటే వాళ్లు కట్టే 60 వేలలో 30 వేలు మిగతా పిల్లల కోసం మిగులుతున్నాయి. వాళ్లను పంపేస్తే లోటు పెరుగుతుంది.

బెజవాడ_సీఏ | మార్చి 12, ఉదయం 7:15

వార్డెన్ గారూ, లెక్క సరిగ్గా చెప్పారు. భోజనం 43, బట్టలు పుస్తకాలు 10, మొత్తం 53 లక్షలు, తలకు 29 వేల పైచిలుకు. మంచాలు ఖాళీగా ఉన్నంతకాలం మీ మాటే నిజం. కానీ బడి నిండిపోయి, ఉచిత సీటు అవసరమైన బిడ్డను గేటు దగ్గర వెనక్కి పంపే రోజు వస్తే, ఆ 60 వేల సీటు ఎవరి స్థానంలో ఉందో ఆలోచించాలి. అందుకే నా సలహా, ఫీజు 90 వేలు అని బోర్డు మీద రాయండి. ఇల్లు చూసి వచ్చాక ఎవరికి ఎంత తగ్గించారో రసీదులోనే రాయండి. "మీ బిడ్డ ఖర్చు 90 వేలు, మీరు కట్టేది 28 వేలు, మిగతా 62 వేలు దాతలది." కట్టేవాళ్లకూ తెలుస్తుంది, ఇచ్చేవాళ్లకూ తెలుస్తుంది.

ఇక పన్ను సంగతి, చాలామంది అడుగుతారు కాబట్టి. ధర్మ సంస్థ తన రాబడిలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి. 15 శాతం దాచుకోవచ్చు. అంతకు మించి దాచాలంటే ఫలానా పనికి అని ముందే చెప్పి ఐదేళ్లలోపు వాడాలి. లోటులో ఉన్న మీ బడికి దీనితో ఇబ్బంది లేదు. కానీ ఒక మంచి ఏడాదిలో డబ్బు ఎక్కువ వస్తే ట్రస్టీలకు మార్చి నెలలో టెన్షన్ మొదలవుతుంది. భవనం ఖర్చు కూడా ఆ 85 శాతంలోకి వస్తుంది కాబట్టి, చాలా ట్రస్టులు అవసరం ఉన్నా లేకపోయినా గోడలు కట్టేస్తాయి. ఊరూరా ఖాళీ బ్లాకులు ఎందుకున్నాయంటే ఇదీ ఒక కారణం.

దీనికి దారి దాత చేతిలోనే ఉంది. "ఈ మొత్తం శాశ్వత నిధికి" అని ఉత్తరంలో స్పష్టంగా రాసి ఇస్తే అది ఆ 85 శాతం లెక్కలోకి రాదు. చట్టం ఒప్పుకున్న చోట్లలో పెట్టుబడి పెట్టాలి. బ్యాంకు డిపాజిట్, ప్రభుత్వ బాండ్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి, నేరుగా షేర్లు కొనడానికి లేదు. ఆ ఒక్క వాక్యం రాయకపోతే అది మామూలు విరాళమే. 2 వేలకు మించి నగదుగా ఇస్తే దాతకు పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు.

పెన్సిల్వేనియా_తెలుగమ్మాయి | మార్చి 12, రాత్రి 8:20

మాలాంటివాళ్లు ఎలా పంపాలి సీఏ గారూ? నాది ఇండియా పాస్‌పోర్టే, మా ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చేసింది.

బెజవాడ_సీఏ | మార్చి 12, రాత్రి 9:00

మీరు మీ బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఇబ్బంది లేదు తల్లీ, భారత పౌరుల సొంత డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. మీ ఆయన పంపితే వస్తుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే. అలాంటప్పుడు ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. అందులో ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. ఢిల్లీ ఖాతా, 20 శాతం నిబంధనలు 2020 సవరణతో వచ్చాయి. చిన్న బడులకు ఆ రిజిస్ట్రేషన్ ఉండదు, కాబట్టి ముందు అడిగి పంపండి. తెలియక తీసుకుని ఇరుక్కున్న ట్రస్టులున్నాయి.

గుండ్లకమ్మ_గట్టు | మార్చి 16, రాత్రి 11:10

ఆదివారం బడికి వెళ్లొచ్చాను. మీరంతా చెప్పింది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లా.

ముందు చూసింది చెప్తా. నేను పడుకున్న హాలు అలాగే ఉంది. మూల కిటికీ దగ్గర పైకప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనపడుతున్నాయి. కింద మంచం వేయకుండా ఖాళీగా వదిలేశారు. ఆడపిల్లల వైపు 74 మందికి 5 మరుగుదొడ్లు, అందులో ఒకదానికి తలుపు లేదు. ఒక చిన్న పిల్ల పొద్దున నాలుగున్నరకే లేస్తానని చెప్పింది, వరస తప్పించుకోవడానికి. భవనం ఊరికే అడగడం లేదని అప్పుడు అర్థమైంది. నా మొదటి పోస్టులో అంత గట్టిగా రాసినందుకు బాధ కలిగింది.

వంటగదిలో స్టాకు రిజిస్టర్ చూపించారు. ప్రతి రోజూ ఎంత బియ్యం, ఎంత పప్పు తీశారో, ఎంతమంది తిన్నారో రాసి, పక్కన పదో తరగతి పిల్లల్లో ఇద్దరి సంతకాలు. వారానికో ఇద్దరు మారతారట. మా రోజుల్లో ఇది లేదు.

సాయంత్రం ట్రస్టీలతో రెండు గంటలు కూర్చున్నా. పెద్దాయన ఒకరు 22 ఏళ్లుగా ఉన్నారు. 20 మంది మీద 6 లక్షలు పెడుతున్నామన్న లెక్క విని ఆయన కాసేపు మాట్లాడలేదు. "పేరు రాయిస్తామంటే తప్ప ఎవరూ ఇవ్వడం లేదు నాయనా, మేమేం చేస్తాం" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు.

ఒప్పుకున్నవి: ముందు పైకప్పు, మరుగుదొడ్లు, కరెంటు వైరింగ్. ఇంజనీరు అంచనా 48 లక్షలు. జూన్ నుంచి కొత్త కుటుంబాలకు ఇళ్లకు వెళ్లి చూశాకే ఫీజు. రసీదు మీద అసలు ఖర్చు రాయడం. గ్రాట్యుటీ బాకీ ఎంతో ఆడిటర్‌తో లెక్క కట్టించడం.

ఒప్పుకోనిది: 60 మంచాల బ్లాకు. దాన్ని మానుకోమంటే ఇద్దరు ట్రస్టీలకు కోపం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రతి ఏడాదీ పిల్లల్ని తిప్పి పంపుతున్నామని, ఆ తల్లుల ముఖాలు మీరు చూడలేదని అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. మా అమ్మ కూడా అలాగే ఒక గేటు దగ్గర నిలబడింది కదా. రెండేళ్ల తర్వాత నిధిని బట్టి మళ్లీ చూద్దామన్నారు.

నేను 4 లక్షలు ఇస్తున్నా. 3 లక్షలు మరుగుదొడ్లకు, లక్ష శాశ్వత నిధికని ఉత్తరం రాసిచ్చా. పేరు వద్దన్నాను. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 31 మందిమి ఉన్నాం. జూన్ ఖర్చు మేం పంచుకుంటామని 19 మంది చెప్పారు.

విశ్రాంత_మాస్టారు | మార్చి 17, ఉదయం 6:05

ఆ తల్లులకు నువ్వు జవాబు చెప్పలేకపోవడమే సరైనది నాయనా. నాకూ తెలియదు జవాబు. గేటు లోపల ఉన్న 180 మందికి సరిగ్గా పెట్టాలా, బయట నిలబడ్డ ఇంకొకరిని లోపలికి తీసుకుని అందరికీ కాస్త పల్చగా పోయాలా అని మా స్టాఫ్ రూంలో ఎన్నో రాత్రులు వాదించుకున్నాం. ఒక్కో ఏడాది ఒక్కోలా చేశాం. ఒక ఏడు 12 మందిని ఎక్కువ తీసుకుని, సంక్రాంతి దాకా మజ్జిగ నీళ్లతో నెట్టుకొచ్చాం. ఆ 12 మందిలో ఒకడు ఇప్పుడు మా ఊరి ఆసుపత్రిలో డాక్టరు.

గ్రాట్యుటీ మాట ఎత్తినందుకు మాత్రం నీకు దీవెనలు. ఆయాల పేర్లు కూడా ఆ లెక్కలో ఉన్నాయో లేదో చూడు. వాళ్లను దినకూలీ కింద రాసి వదిలేస్తుంటారు.

గుండ్లకమ్మ_గట్టు | మార్చి 17, ఉదయం 9:40

ఇప్పుడే ఫోన్ చేశా మాస్టారూ. ముగ్గురు ఆయాలు, ఒక వంటమ్మ దినకూలీ కిందే ఉన్నారు. వంటమ్మ నేను చదివినప్పుడు కూడా ఉంది. 26 ఏళ్లు. ఆడిటర్ రేపు వస్తున్నాడట, ఆ నలుగురి పేర్లు కలపమని చెప్పా. సీఏ గారూ, పాత హాజరు పట్టీలు లేకపోతే సర్వీసు ఎలా చూపించాలి?

బెజవాడ_సీఏ | మార్చి 17, ఉదయం 10:25

జీతం ఓచర్ల మీద వేలిముద్ర గానీ సంతకం గానీ ఉంటుంది, పాత ఫైళ్లు వెతికించండి. అవి లేకపోతే పాత విద్యార్థులు తాము చదివిన ఏడాదుల్లో ఆమె పని చేసిందని రాసిస్తే బలం ఉంటుంది. మీ బ్యాచ్ 31 మంది ఉన్నారన్నారు కదా, ముందు మీరు రాయండి. నమూనా మీకు మెసేజ్‌లో పంపుతున్నా.